ఏడో నంబరు డబ్బా

"డబ్బా మూతకు ఈ టేపు నేను చుట్టింది కాదు," అన్నాడు సమాధానం అనే కెమెరామన్.

జీపు ఇంజను అప్పటికే ఆడుతోంది. వెనక గోనెపట్టా మీద ఆరు రేకు డబ్బాలు సర్దేశారు. ఏడోది మాత్రం సమాధానం చేతుల్లోనే ఉండిపోయింది. గూడూరుకు మద్రాసు బండి సాయంత్రం నాలుగున్నరకు వస్తుంది. గాలివానకు కొట్టుకుపోయిన రైలుకట్టను పూడ్చి, పది రోజుల తర్వాత నడుపుతున్న మొదటి బండి అది. దారి నిండా ఇసుక మేటలు. ఒంటిగంటకల్లా బయలుదేరితే తప్ప అందదు. ఇప్పుడు పదకొండు.

"టేపు టేపే కదండీ, ఎవరు చుడితే ఏముంది?" ప్రొడక్షన్ మేనేజర్ ఆనందబాబు గడియారం చూసుకున్నాడు.

"నేను చుడితే కొసన గోరెడంత మడత పెడతాను. చీకటిగదిలో విప్పేవాడి వేలికి తగలాలని. ముప్పై ఏళ్ల అలవాటు. దీనికి మడత లేదు."

ముత్యాలయ్య జీపులోంచి దూకాడు. డైరెక్టరుగా అతనికిది మొదటి సినిమా. ఆ సినిమాకు ప్రాణమనదగ్గ షాటు ఆ ఏడో నంబరు డబ్బాలోనే ఉంది.

"సంచిలో పెట్టి చూడన్నా," అన్నాడు.

సమాధానం యూనిట్ బస చేసిన కాలవ లాకు బంగళా వరండాలో చతికిలబడి నల్లసంచి ఒళ్లోకి లాక్కున్నాడు. వెలుతురు చొరకుండా రెండు పొరల గుడ్డతో కుట్టిన సంచి. చేతులు దూర్చడానికి రెండు బిగుతు గొట్టాలు. డబ్బాను లోపల పెట్టి, మూతి బిగించి, చేతులు దూర్చి కళ్లు మూసుకున్నాడు. లోపల మూత ఊడిన చప్పుడు. నల్లకాగితం గరగర. తర్వాత వేళ్లు ఒకే చోట తడుముతున్నట్టు సంచి గుడ్డ కదిలింది.

"తమ్ముడూ," అన్నాడు ఎట్టకేలకు. "ఇది నేను చుట్టిన చుట్ట కాదు. మధ్యలో ఫిలిం చుట్టే బిళ్ల లేదు. తాడు చుట్టినట్టుంది."

చేతులు బయటికి లాక్కుని సంచి మూతి విప్పేశాడు. ఇక దాచి ప్రయోజనం లేదని అందరికీ అర్థమైంది.

కడగని ఫిలిం పొదుగుతున్న గుడ్డు లాంటిది. లోపల పిల్ల ఎట్లా ఉందో చూద్దామని పగలగొడితే ఇక చూడడానికి పిల్ల మిగలదు. మద్రాసు లాబరేటరీలో, చీకట్లో, మందునీళ్లలో కడిగితేనే బొమ్మ నిలుస్తుంది. అంతకు ముందే ఎండ సోకిందా, నాలుగు వందల అడుగులూ చెత్తబుట్ట పాలు.

ఎవరో డబ్బా తెరిచారు. తెరిచి, చూసి, మళ్లీ ఎంతో జాగ్రత్తగా మూసి, టేపు చుట్టి, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టారు.

"ఎవడు? ఎవడా దొంగ నాయాలు?" ఆనందబాబు అరుపుకు కాలవ గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

ముత్యాలయ్య బల్ల మీద పెట్టిన ఆ ఫిలిం చుట్టనే చూస్తున్నాడు. అతనికి డబ్బా పోయిన బాధ ఇంకా తగల్లేదు. దానికంటే ముందు మరొకటి తగిలింది. ఆ చుట్ట చుట్టిన చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు.

ముత్యాలయ్య పరాయివాడు కాదు. ఈ లాకుకు అరమైలు తూర్పున, ఇసుకదిబ్బల అవతలి జాలరి పల్లె పట్టపుపాళెంలో పుట్టాడు. పంతొమ్మిదో ఏట వల భుజాన వేసుకోవలసినవాడు ఆరు నెలల్లో వస్తానని చెప్పి మద్రాసు పోయాడు. కోడంబాకంలో ఒక ఎడిటింగు గదిలో తెగిన ఫిలిం ముక్కలు అతికించే పనికి కుదిరాడు. ఆరు నెలలు పదమూడేళ్లయ్యాయి. అతుకులు వేసేవాడు అసిస్టెంటయ్యాడు, అసిస్టెంటు ఎడిటరయ్యాడు. చచ్చిన సినిమాను లేపి కూర్చోబెట్టే చెయ్యి అని పేరొచ్చింది. ఏడవడం చేతగాని హీరోయిన్ ముఖం తీసేసి, ఆ చోట ఖాళీ ఊయల పెట్టి హాలు మొత్తాన్నీ ఏడిపించాడు. సినిమా ఆడితే డైరెక్టరు మెడలో దండ పడేది. ముత్యాలయ్య గదిలోకి ఇంకో బస్తాడు ఫిలిం వచ్చి పడేది.

అన్నింటికంటే అతని ప్రాణం తీసింది సముద్రం. స్టూడియో తొట్టిలో తీసిన సముద్రం, మెరీనాలో ఆదివారం పూట తీసిన సముద్రం. తూర్పుగాలి వీస్తుంటే తూర్పుకే ఉబ్బిన తెరచాపలు, ఒడ్డుకొచ్చే పడవలో ఒడ్డుకు వీపు పెట్టి కూర్చున్న హీరోలు. ఆ తప్పులన్నీ కత్తిరించి సరిచేస్తూ, మూసిన గదిలో చెమటలు కారుస్తూ, నా సముద్రాన్ని నేను తీస్తాను అనుకునేవాడు. అట్లా అనుకుంటూనే జుట్టు నెరవడం మొదలైంది. చివరికి ఒక నిర్మాత సరేనన్నాడు. తోడుగా ఆనందబాబును పంపాడు, ఒక షరతు కూడా పంపాడు.

ఆ షరతును ఆనందబాబు ఇప్పుడు మళ్లీ చదివి వినిపించాడు.

"నెగెటివ్‌కు ఏం జరిగినా కారకుడెవరో పేరు రాసి పంపాలి. బయటివాడైతే పోలీసులకు. యూనిట్ మనిషైతే ఇంటికి. డైరెక్టరైనా సరే. గుర్తుంది కదా ఎడిటర్ గారూ?"

కోపం వచ్చినప్పుడల్లా ఆనందబాబు అతన్ని డైరెక్టరు అనడం మానేసి ఎడిటరు అంటాడు. మద్రాసులో ఇంకో డైరెక్టరు తయారుగా కూర్చున్నాడని యూనిట్‌లో అందరికీ తెలుసు.

"కారకుడెవరో కనుక్కోవడానికి పెద్ద డిటెక్టివు అక్కర్లేదు," అన్నాడు ఆనందబాబు. "నిన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మనమంతా దారిలో పడ్డ చెట్లు నరకడానికి పోయాం. ఇక్కడ మిగిలిందెవరు? సైదులూ, ఇటు రా."

జీపు డ్రైవరు సైదులు చేతులకు అంటిన గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు.

"నేను జీపు కింద పడుకోని ఉన్నానయ్యా. కాలవ వైపు. మీరొచ్చిందాకా బయటికి రాలేదు. పెట్టెతో నాకేం పని?"

"పెట్టెలో ఏముందో చూడాలనిపించింది."

"పన్నెండేళ్లుగా సినిమా బండి తోలుతున్నా సార్. పెట్టె తెరవకూడదని నాకు తెలీదా? తెరిచేవాణ్ణయితే హీరోయిన్ టిఫిన్ పెట్టె తెరుస్తాను గాని ఇదెందుకు తెరుస్తాను?"

ఎవరో నవ్వారు. ఆనందబాబు నవ్వలేదు. "ఆ హాస్యాలు పోలీసుల ముందర చెప్పు. అద్దె జీపు వాడివి, బయటివాడి కిందే లెక్క. వెళ్లే దారిలోనే అప్పగిస్తాం. ఎక్కు."

సైదులు ముత్యాలయ్య వైపు తిరిగాడు. "ముత్యాలన్నా," అన్నాడు. సార్ అనడం మర్చిపోయాడు.

"ఆగండి," అన్నాడు ముత్యాలయ్య. "ఒంటిగంట దాకా టైముంది. నేను కనుక్కుంటాను."

"ఎట్లా?"

"అది నా పని. ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావాలో చూసుకోవడమే కదా పదమూడేళ్లుగా చేస్తున్నాను."

మాట గట్టిగానే వచ్చింది. కనుక్కోవలసింది ఏమీ లేదని ఆ మనుషుల్లో అతనొక్కడికే తెలుసు. కాదు, ఇద్దరికి. వరండా మెట్ల దగ్గర పాళెం పెద్దమనిషి, పెద్దకాపు ఓబయ్య నిలబడి ఉన్నాడు. గాలివానలో పోయిన పాళెం మనిషికి రేపు చేసే కర్మకు ముత్యాలయ్యను ఉండమని అడగడానికి వచ్చినవాడు. బల్ల మీది చుట్టను చూశాడు. చూసి, తల సముద్రం వైపు తిప్పుకున్నాడు.

ముత్యాలయ్య మెట్లు దిగి ఆయన పక్కన నడిచాడు.

"అబ్బయా," అన్నాడు ఓబయ్య, పెదవులు కదలకుండా. "గేలపు తాడును బొటనేలికీ మోచేతికీ ఏసి, నడుమున రెండు చుట్లు తిప్పి కట్టేది మన పాళెమే. ఎడమచేత్తో కట్టేది ఒక్క ఇల్లే."

"తెలుసు మామా."

"తెలిసి?"

ముత్యాలయ్య ఇసుకదిబ్బల వైపు అడుగులు వేశాడు. అతను చిన్నప్పుడు ఆ ఎడమచేతిని వెక్కిరించి ఎన్ని దెబ్బలు తిన్నాడో ఓబయ్యకూ తెలుసు.

పది రోజుల కిందట, గాలివానకు ముందునాటి మధ్యాహ్నం, ఆకాశం కాటుక పూసినట్టు నల్లబడింది. సముద్రం మీద వెండిరేకు లాంటి వెలుతురు. ముత్యాలయ్య హీరోను పక్కన కూర్చోబెట్టి, పాళెంలోని మునెయ్యను పిలిచాడు. మునెయ్య నటుడు కాదు. చుక్కాని పట్టుకుని పడవను అలల మీదుగా ఒడ్డుకు తెచ్చాడు, అంతే. నాలుగు నిమిషాల షాటు. ఎక్కడా కత్తెర పెట్టవలసిన పని లేదు. కత్తెరతో బతికినవాడికి అంతకంటే పెద్ద సుఖం ఏముంటుంది? ఆ సంతోషంలో డబ్బా మీద అంటించిన చీటీ పైన ఏడు అంకె పక్కన పెన్సిలుతో చిన్న పడవ బొమ్మ కూడా గీశాడు.

మర్నాడు తెల్లవారకముందే మునెయ్య ఇద్దర్ని వెంటబెట్టుకుని, గాలి ముదిరేలోగా వేసిన వల తీసుకొస్తామని పోయాడు. గాలివాన వాళ్లకంటే ముందే వచ్చింది. మూడో నాటికి ఆ ఇద్దరి శవాలూ ఒడ్డుకు చేరాయి. మునెయ్య పడవ ముందుకొయ్య విరిగి వచ్చింది. మునెయ్య రాలేదు. శవం దొరకనివాడికి దర్భతో బొమ్మ చేసి దానికి కర్మ చేస్తారు. రేపు పదకొండో దినం. రేపే మునెయ్య పెళ్లాం గాజులు తీసేయాలి.

మునెయ్య ఎన్నడూ ఫోటో తీయించుకున్న మనిషి కాదు. అతని ముఖం ఉన్న చోటు ఈ లోకంలో ఏడో నంబరు డబ్బా ఒక్కటే.

మునెయ్య పెళ్లాం పేరు చెంచమ్మ. ముత్యాలయ్యకు మేనమామ కూతురు. ఆరు నెలల్లో వస్తానని ముత్యాలయ్య పదమూడేళ్ల కిందట చెప్పింది ఆమెకే.

చెంచమ్మ నీళ్ల అంచున కూర్చుని ఉంది. పక్కన చిప్ప మూత పెట్టిన గంజికుండ. పది రోజులుగా పొద్దున్నే గంజి కాచుకుని వచ్చి ఇక్కడే కూర్చుంటోంది. చీకటి పడితే కుండ ఎత్తుకుని పోతుంది. చేతులకు గాజులు నిండుగా ఉన్నాయి.

"ఏంది బావా, బండికి పోలేదా?"

"పోవాల."

"పో మరి. మద్రాసు బండి ఎక్కడం నీకు కొత్తా?"

ముత్యాలయ్య తడి ఇసుకలో కూర్చున్నాడు. పాళెంలో అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమెతో ఇట్లా కూర్చుని మాట్లాడాలని ఎంతగా అనుకున్నాడో ఆ సముద్రానికే తెలియాలి. మునెయ్య ఉన్నప్పుడు కుదరలేదు. మునెయ్య పోయాక మనసొప్పలేదు. ఇప్పుడు కూర్చున్నాడు, ఇందుకోసం.

"చెంచూ, పెట్టె తెరిచినావా?"

ఆమె దాచలేదు. దాచాల్సిన పని చేశానన్న ఊహే ఆమెకు లేదు.

"తెరిచినా. నిన్న పొద్దున, మీరు చెట్లు కొట్టను పోయినప్పుడు. తలుపుకు గొళ్లెమే గదా ఉండేది. పడవ బొమ్మేసిన పెట్టె యాడుందా అని చూసినా. నాకు సదువు రాకపోతే మాత్రం పడవ తెలీదా?"

"ఎందుకు చూసినావు?"

"ఎందుకంటావేంది? రేపు గాజులు ఇమ్మంటున్నారు. గడ్డిబొమ్మ చేసి దానికి నా మొగుడి పేరు పెడతారంట. సరే, పెద్దోళ్లు చెప్పినారు, ఇస్తాను అన్నా. ఇచ్చే ముందర ఒక్కసారి మొగం చూసుకుందామని పోయినా. నువ్వే గదా చెప్పినావు, నీ మొగుడు ఈ పెట్టెలో కూర్చోని ఉండాడు, ఇంక యాడికీ పోడు అని."

చెప్పాడు. షాటు అయిపోయిన ఊపులో, తడిబట్టలతో ఒడ్డుకొచ్చిన మునెయ్య ముందరే చెప్పాడు. మునెయ్య పగలబడి నవ్వాడు కూడా. అంతకు ముందు, షూటింగు మొదలైన రోజున, మద్రాసు నుంచి తెచ్చిన పాత ఫిలిం ముక్కలు పాళెంలో అందరికీ పంచి, ఎండకు పట్టి చూడండి, బొమ్మలు కనిపిస్తాయి అని చూపించింది కూడా తనే. అవి కడిగి అచ్చు వేసిన ముక్కలని చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. పాళెం వాళ్లకు ఫిలిం అంటే ఎండకు పట్టి చూసే వస్తువు.

"ఎండకు పట్టి చూసినా బావా. బారలు బారలుగా లాగి చూసినా, గేలపు తాడు చూసినట్టు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. అంతా బూడిద. మునెయ్య లేడు. పడవ లేదు. సముద్రం గూడా లేదు."

ఆమె అతని వైపు తిరిగింది. ముత్యాలయ్య భయపడ్డాడు. ఆ ముఖంలో ఏడుపు లేదు. పది రోజులుగా తిండి లేక పీక్కుపోయిన ఆ ముఖంలో దీపం వెలిగించినట్టుంది.

"అప్పుడు తెలిసింది నాకు. ఆయన దేంట్లోనూ చిక్కలేదు. నీ పెట్టెలో చిక్కలేదు, సముద్రంలోనూ చిక్కలేదు. సిలోను గట్టుకు కొట్టుకోని పోయుంటాడు. పోయినోళ్లు లేరా? మా తాత తమ్ముడు ఏడాదికి తిరిగొచ్చినాడు గదా, గడ్డం పెంచుకోని. వాళ్లమ్మే గుర్తుపట్టలేదంట."

"చెంచూ, పడవ కొయ్య వచ్చింది గదా. ఆ ఇద్దరూ..."

"ఆ ఇద్దరూ వచ్చినారు. ఈయన రాలేదు. రాలేదంటే యాడో ఉండాడనే." గంజికుండ మూత సరిచేసింది. "గాజులియ్యను బావా. ఓబయ్య మామకు నువ్వే చెప్పు. ఎన్నేళ్లయినా చూస్తాను. చూడడం నాకు అలవాటే. నీ కోసం రెండేళ్లు చూడలేదా?"

ఎత్తిపొడుపు కాదు. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. అందుకే అది ముత్యాలయ్యను నిలువునా కోసింది.

ఆ రెండేళ్ల సంగతి అతనికి మునెయ్య చెప్పాడు. మద్రాసు నుంచి కాలవలో ఉప్పు పడవలు వచ్చినప్పుడల్లా ఈ పిల్ల లాకు దగ్గరికి పోయి నిలబడేదట. పడవ వాళ్లు ఎగతాళి చేసేవాళ్లట. "ఒకనాడు నేను పోయి, రెండు సమచ్చరాలు చూసినావు, ఇంక చాల్లే, ఇంటికి పోదాం రా అన్నా. వచ్చింది," అన్నాడు మునెయ్య తెడ్డు వేస్తూ. "నువ్వు ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే సరిపోయేదన్నా. రాను, చూడొద్దు అని. నాకు రెండేళ్లు ముందరే పెళ్లయ్యేది." దానికీ నవ్వాడు.

రాను, చూడొద్దు. రెండు మాటలు. ఎడిటింగు గదిలో ఎన్ని సాయంత్రాలు కాగితం ముందర పెట్టుకున్నాడో! రాస్తే తను ఆమెను పోగొట్టుకున్నట్టు ఖాయమైపోతుందని రాయలేదు. రాయకపోతే ఎక్కడో ఒకరు తన కోసం చూస్తూ ఉంటారు. ఆ తీపి కోసం ఒక పిల్ల వయసును లాకు దగ్గర నిలబెట్టాడు. ఇప్పటికీ అతను పెళ్లి చేసుకోలేదు. కాని ఆమెకు దానితో ఏం పని?

ఇప్పుడు మళ్లీ నిలబడుతోంది. ఈసారి రెండేళ్లతో పోదు. పోయినవాడు తిరిగొచ్చి ఇంక చాల్లే అనడు.

ముత్యాలయ్య మనసులో ముక్కలు వరసలో పెట్టుకున్నాడు. ఊరుకుంటే సైదులు పోలీసుల పాలవుతాడు, చెంచమ్మ చచ్చేదాకా ఈ ఇసుకలో కూర్చుంటుంది. నిజం చెబితే, పెట్టెలో మునెయ్య ఉన్నాడనీ, ఆమె ఎండకు పట్టిన ఆ నిమిషమే మాడిపోయాడనీ చెప్పాలి. మొగుడి ముఖం కోసం పోయి ఆ ముఖాన్ని తన చేత్తోనే తుడిచేసుకున్నానని తెలిసిన ఆడది ఆ చేతిని ఏం చేసుకుంటుంది?

ఇంకో వరస ఉంది. అందులో ఆమె మునెయ్యను చూస్తుంది. గాజులు ఇస్తుంది. ఆ చేతిని తిట్టుకోవలసిన అవసరం రాదు. ఆ వరసకు ఒకటే లోపం. అందులో ముత్యాలయ్యకు సినిమా ఉండదు. ఈ పాళెంలో మళ్లీ అడుగుపెట్టే మొహమూ ఉండదు.

ఒక అల వచ్చి ఇద్దరి కాళ్లూ తడిపి పోయింది.

"లే చెంచూ. బంగళా కాడికి రా. ఆ పెట్టె సంగతి నీకు చెప్పాల. అందరి ముందరా చెప్పాల."

పన్నెండున్నర. సైదులు మెట్ల మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. ఆనందబాబు కాగితం, పెన్ను తీసి తయారుగా ఉన్నాడు. గంజికుండ చంకన పెట్టుకుని వస్తున్న ఆడమనిషిని చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఈమెవరు?"

"మునెయ్య భార్య," అన్నాడు ఓబయ్య.

"సరే. పేరు చెప్పండి, రాసుకుని బయలుదేరదాం."

ముత్యాలయ్య ఆయన వైపు చూడలేదు.

"చెంచూ, మునెయ్య ఆ పెట్టెలో ఉండాడు."

"లేడు బావా. చూసినా గదా."

ఆనందబాబు కుర్చీలోంచి లేచాడు. "ఏమిటీ? చూశావా? అయితే ఈమేనన్నమాట!"

"కూర్చోండి," అన్నాడు ముత్యాలయ్య. "ఈమె నిన్న తెరిచింది. అప్పటికే అందులో ఏమీ లేదు. వారం దాటింది అది పోయి."

సమాధానం చటుక్కున తలెత్తాడు. అన్ని రోజులూ ఆ డబ్బాలను తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నవాడు. ముత్యాలయ్య కళ్లలోకి చూశాడు. ఏం కనిపించిందో, తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఆ ఫిలిం చుట్ట ఈమెది. అంతకు ముందు పాడుచేసిన చెయ్యి వేరే. అది తర్వాత." ముత్యాలయ్య చెంచమ్మకు ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. "ముందు ఇది విను. నాలుగు నిమిషాలుండాడు మునెయ్య ఆ పెట్టెలో. నేను చూసింది చూసినట్టు చెబుతా. మొదట సముద్రమే ఉంటాది. నల్లంగా. దూరంగా చాప కొస. అది ఈగంత ఉంటాది. తర్వాత పడవ. అల లేస్తే కనబడతాది, దిగితే కనబడదు. మూడోసారి లేచినప్పుడు మనిషి తెలుస్తాడు. ఎడమకాలు అంచుకు తన్నిపెట్టి నిలబడినాడు."

"ఎడమకాలే," అంది చెంచమ్మ మెల్లగా. "ఎప్పుడూ ఎడమకాలే."

"తలగుడ్డ ఊడి మెడ మీద పడింది. రెండు చేతులతో చుక్కాని పట్టుకోనుండాడు, అందుకని పళ్లతో ఆ గుడ్డను పట్టుకున్నాడు. పెద్ద అల వచ్చింది. పడవ నిట్టనిలువున లేచింది. నా గుండె ఆగిపోయింది. ఆయన మాత్రం గట్టు వైపు తల తిప్పినాడు. గట్టు మీద ఎవురెవురుండారు? నేనుండా, కెమెరా పట్టుకోని సమాధానం అన్న ఉండాడు. మమ్మల్ని చూడలేదు. మాకు ఎడమపక్కన, ఇసుకలో నువ్వుండావు. నిన్ను చూసినాడు. గుడ్డ వదిలేసి నవ్వినాడు."

"నవ్వినాడా?"

"పళ్లన్నీ కనబడేట్టు. మొగమంతా తడి. ఆ నవ్వు అట్టనే ఉండంగా పడవ గట్టుకు తగిలింది. అంతే. అదంతా ఆ పెట్టెలో ఉండింది."

చెంచమ్మ గంజికుండ కింద పెట్టింది. పది రోజుల్లో మొదటిసారి ఆ కుండను ఆమె సముద్రానికి దూరంగా దించింది.

"ఉండి?" అంది. "మరి నాకెందుకు కనబడలేదు?"

"కడగని బొమ్మ అది. వెలుతురు తగిలితే పోతాది. నీకంటే ముందరే తగిలింది. నువ్వు చూసింది పోయిన పెట్టె."

ఆమె లెక్క సరిచూసుకుంటున్నట్టు నేల చూసింది. పెట్టె ఖాళీ అన్న ఒక్క ఆధారం మీద నిన్నటి నుంచి కట్టుకున్న సిలోను గట్టు ఆమె కళ్లముందే కరుగుతుంటే ముత్యాలయ్య చూశాడు. చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు.

"అయితే ఆయన అందులో ఉండాడు," అంది. "ఉండి పోయినాడు." ఓబయ్య వైపు తిరిగింది. "పోయినాడు మామా. మునెయ్య పోయినాడు." ఓబయ్య చేతిని పట్టుకుని అట్లానే కూలబడింది. లోపలి నుంచి ఏదో తెగినట్టు ఏడుపు వచ్చింది. పాళెంలో చావు ఇంట ఆడవాళ్లు ఏడ్చే ఏడుపు. పది రోజులుగా ఓబయ్య ఎదురుచూస్తున్నది దానికే. ఆయన ఆమె తల నిమురుతూ, "రేపటికి నేనుండా తల్లీ, మేమందరం ఉండాం," అంటూ ముత్యాలయ్య వైపు చూశాడు. ఆ ముసలి కళ్లు వద్దంటున్నాయో, దండం పెడుతున్నాయో తెలియలేదు.

ఆనందబాబు గొంతు సవరించుకున్నాడు. ఆయనా మనిషే. కాని ఒంటిగంట దగ్గర పడుతోంది, కాగితం మీద పేరు లేదు.

"ఎవరండీ మరి? సైదులా?"

"సైదులుకు సంబంధం లేదు. జీపు తాళాలు అతనికియ్యండి."

చెంచమ్మ తలెత్తింది. చెంపలు తడిసి, జుట్టు ముఖానికి అంటుకుపోయింది. ఆ కళ్లలో వెలుగు లేదు. దాని చోట నిప్పు ఉంది. నిలబడింది. ఆ రెండేళ్లూ లాకు దగ్గర నిలబడ్డప్పుడు కూడా ఇట్లానే ఉండేదేమో అనిపించింది ముత్యాలయ్యకు.

"ఎవురు బావా? నా మొగుణ్ణి కడసారి చూసుకోనీకుండా చేసింది ఎవురు? నువ్వు కనుక్కున్నావు గదా. దాచబాక. ఏ పాడుచెయ్యి తెరిచింది నాకంటే ముందర?"

అతను ఆమెను ఒకసారి తనివితీరా చూసుకున్నాడు. రేపటి నుంచి ఈమె కళ్లలో తనకు ఇంత చోటు కూడా ఉండదు. కోపంతో ఉన్నంతసేపు మనిషి ఎవరి కోసమూ దారి కాయదు.

"గాలివాన మర్నాడు, నీళ్లు దిగినాయేమోనని తొందరపడి పట్టపగలే మూత తీసినాను," అన్నాడు. తర్వాత, పెన్ను పట్టుకుని చూస్తున్న ఆనందబాబు వైపు తిరిగి, వరండా చివరి మనిషికి కూడా వినిపించేట్టు చెప్పాడు.

"రాసుకోండి. ఏడో నంబరు డబ్బా తెరిచింది, మునెయ్యను పోగొట్టింది, ముత్యాలయ్య."